ఆధునిక యుద్ధ వ్యూహం గురించి ఏ పుస్తకాలు, ఏ వరుసలో చదవాలి?

గుణుపురం ఉపన్యాసకుడు (ప్రశ్న):

అందరికీ నమస్కారం. నేను రాయగడ జిల్లా గుణుపురంలో ఒక కళాశాలలో చరిత్ర చెబుతాను. 2022 ఫిబ్రవరి 24న రష్యా సైన్యం ఉక్రెయిన్ మీదికి వెళ్లినప్పటి నుండి, అంతకు మించి 2025 మే నెలలో మనకూ పాకిస్తాన్‌కూ మధ్య జరిగిన నాలుగు రోజుల పోరు తరువాత, మా విద్యార్థులు పాఠం పక్కన పెట్టి యుద్ధాల గురించే అడుగుతున్నారు. అంత పెద్ద సైన్యం కీవ్ నగరాన్ని ఎందుకు పట్టుకోలేకపోయింది, ట్యాంకుల కాలం చెల్లిపోయిందా, డ్రోన్లు ఎక్కువ ఉన్నవాడే గెలుస్తాడా, 1962లో మనం ఓడినది ఆయుధాలు చాలకనా, ఆలోచన చాలకనా అన్నవి వాళ్ల ప్రశ్నలు. ఏ యుద్ధం ఏ సంవత్సరంలో మొదలైందో, ఏ ఒప్పందంతో ముగిసిందో నేను చెప్పగలను గాని, ఒక పక్షం ఎందుకు గెలిచిందన్న చోటికి వచ్చేసరికి టీవీ చర్చల్లో వినబడే మాటలకు మించి నా దగ్గర ఏమీ లేదు.

ఈ విషయాన్ని మొదటి నుండి ఒక క్రమంలో చదవాలని ఉంది. ఇంగ్లీషు చదవగలను గాని వేగం తక్కువ. మా పిల్లల్లో చాలామంది ఇంట్లో తెలుగు మాట్లాడి బడిలో ఒడియా చదువుకున్నవాళ్లు కాబట్టి, నేను చదివినదాన్ని తెలుగులో విడమరచి చెప్పగలిగేలా ఉండాలి. ఆయుధాల బొమ్మలూ కొలతలూ నింపిన పుస్తకాలు వద్దు. మన సైనికుల త్యాగాన్ని కీర్తించే పుస్తకాల పట్ల నాకు గౌరవమే గాని, అవి నా ప్రశ్నకు జవాబు చెప్పవు. పుస్తకాలు విశాఖపట్నం నుండి తెప్పించుకోవాలి, జేబును బట్టి కొనాలి. కనుక పొడవైన జాబితా కంటే, ముందు ఏది, ఆ తరువాత ఏది, ఎందుకు అన్నది చెబితే మేలు చేసినవారవుతారు.

సునాబేడ ఇంజినీరు:

చాలామంది మిమ్మల్ని ‘ఆన్ వార్’ రాసిన ప్రష్యా సేనాని క్లాజ్‌విట్జ్‌తోనో, ప్రాచీన చైనా యుద్ధ గ్రంథకర్త సున్ జూతోనో మొదలుపెట్టమంటారు. నేను ఆ సలహా ఇవ్వను. సిద్ధాంతం ముందు చదివినవాడు ఆ తరువాత ప్రతి యుద్ధంలోనూ ఆ సిద్ధాంతాన్నే వెతుక్కుంటాడు. సైన్యం ఏం తిని, ఏం కాల్చి, దేనిమీద ఎక్కి ముందుకు కదులుతుందో తెలిసిన తరువాత వ్యూహాల గురించి చదివితే, ఏ మాటలో బరువు ఉందో, ఏది ఉత్త మాటో మీకే తెలిసిపోతుంది. కాబట్టి మొదట మార్టిన్ వాన్ క్రెవెల్డ్ 1977లో వెలువరించిన ‘సప్లయింగ్ వార్’ చదవండి. పదిహేడవ శతాబ్దం నుండి రెండవ ప్రపంచ యుద్ధం వరకు యూరపు సైన్యాలకు సరఫరా ఎలా అందిందో, ఎక్కడ తెగిపోయిందో చెప్పే పుస్తకం అది. అంకెలు ఎక్కువే గాని భాష కష్టం కాదు.

అందులో 1941 నాటి రష్యా దండయాత్ర మీద ఉన్న అధ్యాయం మీ ఊరివారికి వెంటనే అర్థమవుతుంది. నౌపడ నుండి పర్లాకిమిడి మీదుగా గుణుపురం వచ్చే లైను బ్రాడ్ గేజ్‌గా మారేదాకా రెండున్నర అడుగుల చిన్న లైనే కదా. పెద్ద బండిలో నౌపడ వచ్చిన ప్రతి బస్తానూ దింపి, చిన్న బండిలోకి మళ్లీ ఎక్కించవలసి వచ్చేది. జూన్ 22న సోవియట్ సరిహద్దు దాటిన జర్మన్ సైన్యానికి ఇదే చిక్కు లక్షల టన్నుల లెక్కన ఎదురైంది. సోవియట్ పట్టాల మధ్య దూరం జర్మన్ పట్టాల కంటే ఎక్కువ. పట్టాను లోపలికి జరపడం ఒక పని అయితే, జర్మన్ ఇంజన్లకు తగినంత దగ్గరలో నీళ్ల స్టేషన్లు లేకపోవడం మరొకటి, చలికాలంలో ఆ ఇంజన్ల గొట్టాలు గడ్డకట్టి పగిలిపోవడం ఇంకొకటి. రైలు ఆగిన చోటు నుండి ముందు వరుస దాకా లారీలు నడవాలి, ఆ లారీలు తాము మోసే పెట్రోలులోంచే తామూ తాగాలి. ట్యాంకుల సైన్యంగా మనకు పేరు వినబడే ఆ సేన వెంట ఆరు లక్షలకు పైగా గుర్రాలు ఉన్నాయన్న సంగతి చదివినప్పుడు, సినిమాల్లో చూసిన జర్మన్ సైన్యం మన కళ్ల ముందు నుండి తొలగిపోతుంది. కీవ్ ఉత్తరాన రోడ్డు మీద బారులు తీరి ఆగిపోయిన రష్యా వాహనాల చిత్రాలు మీ విద్యార్థులు చూసే ఉంటారు. ఈ అధ్యాయం చదివాక ఆ చిత్రాలు మళ్లీ చూపించండి.

వాన్ క్రెవెల్డ్ చెప్పినదంతా వేదం కాదు. ముఖ్యంగా పూర్వకాలపు సైన్యాలు దారిలో దొరికినదాని మీదే బతికాయన్న ఆయన వాదాన్ని, 1993లో జాన్ లిన్ సంపాదకత్వంలో వచ్చిన ‘ఫీడింగ్ మార్స్’ గట్టిగానే ప్రశ్నించింది. మీరు చరిత్రవారు కాబట్టి ఆ వాదోపవాదం మీకు నచ్చుతుంది.

నేను ఇంత గట్టిగా సరఫరా గురించి చెప్పడానికి కారణం నా ఉద్యోగం. మా ఊళ్లో 1960ల నుండి యుద్ధ విమానాల ఇంజన్లు తయారవుతున్నాయి, ఓవర్‌హాల్ అవుతున్నాయి. నిర్ణీతమైన గంటలు ఎగిరిన ఇంజనును పూర్తిగా విప్పుతారు. ఒక్కొక్క బ్లేడుకూ మెరిసే రంగు ద్రవం పట్టించి, కడిగి, చీకటి గదిలో అతినీలలోహిత దీపం కింద పెట్టి చూస్తారు. కంటికి కనబడని పగులు అక్కడ సన్నని ఆకుపచ్చ గీతగా వెలుగుతుంది. ఆ గీత కనబడితే బ్లేడు పక్కకు పోతుంది, దాని స్థానంలో మరొకటి వచ్చేదాకా ఇంజను ఆగుతుంది, ఇంజను ఆగితే ఎక్కడో ఒక విమానం నేల మీదే ఉంటుంది. పత్రికల్లో ‘ఇన్ని విమానాలు ఉన్నాయి’ అని రాసే సంఖ్యకూ, యుద్ధం పదవ రోజున నిజంగా ఎగరగలిగే సంఖ్యకూ మధ్య ఉన్న తేడా అంతా ఆ చీకటి గదిలోనూ, అలాంటి వందల గదుల్లోనూ తేలుతుంది. ఉక్రెయిన్ యుద్ధం మొదలైనప్పుడు అమెరికా అంతటి దేశం నెలకు తయారు చేయగలిగిన 155 మిల్లీమీటర్ల ఫిరంగి గుండ్లు సుమారు 14,000 మాత్రమే. అక్కడ చురుకైన రోజుల్లో కొద్ది రోజులకే అంత ఖర్చయ్యేది.

బరంపురం విశ్రాంత సుబేదారు:

ఇంజినీరు గారి మాటతో నాకు పేచీ లేదు. అయితే ఉపన్యాసకుల వారు మన దేశపు యుద్ధాన్ని ఒకదాన్ని దగ్గరగా చదివిన తరువాతే రష్యా, జర్మనీల జోలికి పోవాలని నా అభిప్రాయం. నేను గోపాల్‌పూర్‌లో శిక్షణ పొంది గగనతల రక్షణ దళంలో పని చేసి, బరంపురంలో స్థిరపడ్డవాణ్ని. పుస్తకాలు ఆలస్యంగా మొదలుపెట్టాను గాని, ఏది నేల మీద నిలబడి రాసినదో, ఏది కుర్చీలో కూర్చుని రాసినదో పోల్చుకోగలను.

1962 తీసుకోండి. దాని మీద మూడు పుస్తకాలను ఒకదాని పక్కన ఒకటి పెట్టుకుని చదవాలి, విడివిడిగా కాదు. మొదటిది 1967లో వచ్చిన జనరల్ బి.ఎం. కౌల్ ‘ది అన్‌టోల్డ్ స్టోరీ’. తూర్పు సరిహద్దులో నాలుగవ కోర్ కమాండరుగా ఉన్న ఆయన తన మీద వచ్చిన నిందలకు చెప్పుకున్న సమాధానం అది. రెండవది 1969లో వచ్చిన బ్రిగేడియర్ జె.పి. దాల్వి ‘హిమాలయన్ బ్లండర్’. అదే కౌల్ కింద ఏడవ బ్రిగేడ్‌ను నడిపి, అక్టోబరు 22న చైనీయులకు చిక్కి, నెలల తరబడి బందీగా ఉండి వచ్చినవాడి కోపం అందులో ఉంటుంది. మూడవది 1991 నాటి డి.కె. పాలిత్ ‘వార్ ఇన్ హై హిమాలయా’. ఆయన ఆనాడు ఢిల్లీలో సైనిక కార్యకలాపాల డైరెక్టరు. కొండ మీద ఉన్నవాడు, ఆ కొండకు ఆజ్ఞలు పంపినవాడు, ఆ ఆజ్ఞలు పుట్టిన గదిలో కూర్చున్నవాడు అని అనుకోండి. ముగ్గురూ ఒకే సంఘటన చెబుతారు, మూడూ కలవవు. ఎక్కడ కలవలేదో అక్కడ పెన్సిలుతో గీత గీసుకుంటూ పోతే, సైన్యాధికారుల ఆత్మకథలు ఎలా చదవాలో మీకు మరెవరూ నేర్పనక్కరలేదు.

విద్యార్థులకు చెప్పడానికి తవాంగ్ వైపు నమ్కా చూ అనే వాగు దగ్గర జరిగిన పోరు ఒక్కటే చాలు. థగ్లా శిఖరపంక్తి మీద చైనీయులు, దాని కింద వాగు, వాగుకు ఇవతల లోయలో మన బ్రిగేడ్. జూన్‌లో మనం ధోలా పోస్టు పెట్టాం, సెప్టెంబరు 8న వాళ్లు శిఖరం మీద నుండి దిగి వచ్చారు. తరిమేయమని ఢిల్లీ ఆజ్ఞ. మన జవాన్లు నూలు దుస్తుల్లో, మనిషికి కొద్ది తూటాలతో, విమానాలు జారవిడిచే మూటల మీద ఆధారపడి ఉన్నారు. ఆ మూటల్లో ఎన్నో లోయల్లో పడి దొరకలేదు. దుంగల వంతెనలను కాపాడాలని బ్రిగేడ్‌ను వాగు పొడవునా పలచగా పరిచారు. అక్టోబరు వచ్చేసరికి ఆ వాగులో నీళ్లు తగ్గి, వంతెనతో పని లేకుండా నడిచి దాటే స్థితికి వచ్చింది. 20వ తేదీ తెల్లవారుజామున దాడి మొదలైతే కొద్ది గంటల్లోనే బ్రిగేడ్ చెదిరిపోయింది. యుద్ధ విమానాలను దాడికి వాడనేలేదు. ఇందులో ఆయుధాల లోటు ఎంత, ఆలోచన లోటు ఎంత అని మీ పిల్లలే లెక్క వేస్తారు. నా లెక్క అడిగితే, ఆ చోట నిలబడి పోరాడమన్న ఆజ్ఞే అసలు లోపం. కొత్త తుపాకులు ఉండి ఉంటే ఓటమి కొన్ని గంటలు ఆలస్యమయ్యేది, అంతే.

ఆ ఓటమి మీద సైన్యమే జరిపించిన హెండర్సన్ బ్రూక్స్ నివేదికను ప్రభుత్వం ఇప్పటికీ అధికారికంగా విడుదల చేయలేదు. అందులో కొంత భాగం 2014లో నెవిల్ మాక్స్‌వెల్ ద్వారా బయటికి వచ్చింది. ఆ పాత్రికేయుని 1970 నాటి పుస్తకం ‘ఇండియాస్ చైనా వార్’ చదవవచ్చు గాని, తప్పంతా మనదేనన్న నిర్ణయానికి ముందే వచ్చి రాసినట్లుంటుంది. నాలుగవదిగా చదవండి, మొదటిదిగా వద్దు.

1971కి శ్రీనాథ్ రాఘవన్ 2013లో రాసిన పుస్తకం తప్పనిసరి. ఆయన కూడా కొంతకాలం సైన్యంలో అధికారిగా పనిచేసినవాడే. మన విజయం ముందే రాసిపెట్టి ఉన్నదన్న భావనను ఆయన పక్కకు తోసేస్తాడు. దానితోపాటు ఆనాడు తూర్పు కమాండ్‌లో చీఫ్ ఆఫ్ స్టాఫ్‌గా ఉన్న జనరల్ జేకబ్ ‘సరెండర్ ఎట్ ఢాకా’ చదవండి. మొదటి ఆజ్ఞాపత్రంలో ఢాకా అసలు లక్ష్యమే కాదని, చిట్టగాంగ్, ఖుల్నా రేవులను పట్టుకోవాలన్నదే పై నుండి వచ్చిన ఆలోచన అని ఆయన వాదన. ఇతరులు దీన్ని ఒప్పుకోరు. ఎవరి మాట నిజమైనా, డిసెంబరు 9 నుండి నాలుగవ కోర్ కమాండరు సగత్ సింగ్ తన బలగాలను హెలికాప్టర్లలో మేఘనా నది దాటించినప్పుడు యుద్ధం కాగితం మీది పథకాన్ని దాటి ముందుకు పోయింది. పై అధికారి అనుమతి కోసం ఆగి ఉంటే ఏమయ్యేదన్న ప్రశ్న మీద ఒక తరగతి అంతా నడపవచ్చు.

పర్లాకిమిడి వాసి:

చర్చ చాలా బాగుంది. కాని ఇంతమంది ఇన్ని పేర్లు చెబుతూ కౌటిల్యుణ్ని ఎందుకు తలచుకోలేదో నాకు అర్థం కాలేదు. శామశాస్త్రి గారు మైసూరులో తాళపత్రాలను గుర్తించి 1909లో అచ్చు వేయించిన అర్థశాస్త్రం తెలుగు అనువాదాల్లోనూ దొరుకుతుంది. విద్యార్థులకు నేరుగా తెలుగులో ఇవ్వగలిగిన పుస్తకం ఇదొక్కటే. అందులో తొమ్మిదవ అధికరణం దండయాత్ర గురించి. ఉత్సాహశక్తి కంటే ప్రభుశక్తి మేలు, ప్రభుశక్తి కంటే మంత్రశక్తి మేలు అని అక్కడ పూర్వాచార్యులతో వాదించి మరీ నిలబెడతాడు. అంటే రాజుకున్న శౌర్యం కంటే కోశమూ సైన్యమూ, వాటికంటే ఆలోచన గొప్పవి. మనుషులూ వాహనాలూ పోవడం క్షయం, ధనధాన్యాలు పోవడం వ్యయం, ఈ రెండింటినీ రాబోయే లాభంతో తూచి చూసిన తరువాతే కదలమంటాడు. ఇంజినీరు గారు చెప్పిన సరఫరా లెక్క రెండు వేల ఏళ్ల నాడే మన దగ్గర ఉంది. అలాంటప్పుడు విదేశీ గ్రంథాలతో మొదలుపెట్టడం దేనికి?

జయపురం అధ్యాపకురాలు:

పర్లాకిమిడి వారి మాటను తీసివేయలేం. సంధి, విగ్రహం (యుద్ధం), ఆసనం (కదలకుండా వేచి ఉండడం), యానం (దండెత్తి వెళ్లడం), సంశ్రయం (బలవంతుణ్ని ఆశ్రయించడం), ద్వైధీభావం (ఒకరితో సంధి, మరొకరితో యుద్ధం) అన్న ఆరు గుణాలను ఒక్క పిరియడ్‌లో చెప్పి, 1971 ఆగస్టులో మనం సోవియట్ యూనియన్‌తో చేసుకున్న ఒప్పందం వీటిలో దేని కిందికి వస్తుందని అడిగి చూడండి, తరగతి గది వేడెక్కుతుంది. అయినా నేను కౌటిల్యుణ్ని మొదట చదివించను. రాజు తన దగ్గరికి వచ్చిన సమాచారాన్ని సరిగా తూచగలడన్న నమ్మకం మీద ఆ గ్రంథం నడుస్తుంది. ఒకరినొకరు ఎరగని ముగ్గురు గూఢచారులు ఒకే మాట చెబితే నమ్మవచ్చని అందులో ఉంది. క్లాజ్‌విట్జ్ దగ్గరికి రండి, యుద్ధంలో వచ్చే వార్తల్లో చాలావరకు ఒకదానికొకటి పొసగవని, ఇంకా ఎక్కువ భాగం అబద్ధాలని అంటాడు. 1806లో యేనా దగ్గర నెపోలియన్ చేతిలో ప్రష్యా ఓటమిని చూసి, ఫ్రాన్సులో బందీగా ఉండి, 1812లో రష్యా పక్షాన పోరాడినవాడు అలా రాయడంలో ఆశ్చర్యం లేదు. 1999లో కార్గిల్ కొండల మీద ఏం జరుగుతోందో మనకు మే నెల దాకా ఎందుకు తెలియలేదో చదివితే ఈ ఇద్దరిలో ఎవరు మన కాలానికి దగ్గరో తేలుతుంది. కె. సుబ్రహ్మణ్యం అధ్యక్షతన ఏర్పడిన సమీక్షా సంఘం నివేదిక పార్లమెంటు ముందుకు వచ్చింది, పుస్తకంగానూ దొరుకుతుంది. కొన్ని భాగాలు భద్రత పేరిట తొలగించినా, మిగిలినది చదవదగ్గది. అప్పటి సైన్యాధిపతి జనరల్ వి.పి. మాలిక్ 2006లో రాసిన పుస్తకాన్ని దాని పక్కన పెట్టుకోవాలి, సుబేదారు గారు చెప్పిన పెన్సిలు గీతతో సహా.

క్లాజ్‌విట్జ్‌ను మొదటి పుట నుండి చివరి పుట వరకు చదవబోయినవాళ్లు చాలామంది మధ్యలోనే వదిలేస్తారు, అందులో వాళ్ల తప్పేమీ లేదు. ఆయన 1831లో కలరాతో చనిపోయాక, భార్య మేరీ ఆ రాతప్రతులను మరుసటి ఏటి నుండి అచ్చు వేయించింది. గ్రంథం పూర్తి కాలేదు, చాలా భాగం ఆనాటి శిబిరాలు, నడకలు, నదులు దాటడాల గురించి. మైకేల్ హోవర్డ్, పీటర్ పారెట్‌ల 1976 నాటి అనువాదం తీసుకుని, మొదటి భాగంలో ఒకటవ, ఆరవ, ఏడవ అధ్యాయాలు, ఎనిమిదవ భాగంలో ఆరవ అధ్యాయం చదివితే ప్రస్తుతానికి చాలు. ఏడవ అధ్యాయం కొద్ది పుటలే. యుద్ధంలో అన్నీ సులువైన పనులే, కాని ఆ సులువైన పనులే కష్టమైపోతాయని చెప్పే ఆ అధ్యాయాన్ని నమ్కా చూ చదివిన మరునాడు చదవండి.

ఒక లోటు ఎత్తిచూపాలి. ఇప్పటిదాకా చెప్పినవన్నీ రెండు సైన్యాలు ఎదురెదురుగా నిలిచిన యుద్ధాలు. మన కోరాపుట్, మల్కన్‌గిరి, రాయగడ జిల్లాల పిల్లలు కళ్లారా చూసినది ఆ రకం కాదు. 2004 ఫిబ్రవరిలో కోరాపుట్ ఆయుధాగారం మీద మావోయిస్టుల దాడి, 2008 జూన్ 29న బలిమెల జలాశయంలో పడవ మీద జరిగిన దాడిలో ఆంధ్ర గ్రేహౌండ్స్ వారితో సహా 38 మంది చనిపోవడం ఇక్కడివారికి పత్రికా వార్తలు మాత్రమే కావు. ఈ రకం పోరుకు రెండు పుస్తకాలు చెబుతాను. అల్జీరియాలో పనిచేసిన ఫ్రెంచి అధికారి డేవిడ్ గలూలా 1964లో రాసిన చిన్న పుస్తకం ‘కౌంటర్‌ఇన్సర్జెన్సీ వార్‌ఫేర్’ ఒకటి. ప్రజల మద్దతే అసలు బహుమతి అన్నది ఆయన సూత్రం. అయితే ఆయన పనిచేసిన అల్జీరియా 1962లో స్వతంత్రమైపోయిందన్న సంగతి ఆయన శిష్యులు తరచు మరచిపోతారు. రెండవది బ్రిటిష్ జనరల్ రూపర్ట్ స్మిత్ 2005లో రాసిన ‘ది యుటిలిటీ ఆఫ్ ఫోర్స్’. పరిశ్రమల బలంతో సాగిన పాత యుద్ధాలు పోయి, ప్రజల మధ్యనే జరిగే యుద్ధాలు వచ్చాయన్నది ఆయన వాదన. ఉక్రెయిన్ చూశాక ఆ మొదటి సగం నిలబడలేదు. రెండవ సగానికి మాత్రం మన మల్కన్‌గిరి జిల్లా చిత్రకొండే సాక్ష్యం. జలాశయం వల్ల దశాబ్దాలపాటు తెగిపోయి ఉన్న ఊళ్లకు 2018 జులైలో గురుప్రియ వంతెన ప్రారంభమైన తరువాత, పడవ మీద ఆధారపడకుండా పోలీసుతోపాటు అంబులెన్సూ బస్సూ వెళ్లాయి. ఎన్ని గాలింపులు జరిగినా మారని లెక్క ఆ వంతెనతో మారిందని నేను అనుకుంటున్నాను. వంతెన కట్టేటప్పుడు కాపలా కాసిన బలగాల పాత్ర తక్కువేమీ కాదని ఎవరైనా అంటే, అదీ నిజమే.

గుణుపురం ఉపన్యాసకుడు:

ఇంత వివరంగా చెబుతారని ఊహించలేదు, అందరికీ కృతజ్ఞతలు. సుబేదారు గారూ, నమ్కా చూ గురించి మీరు రాసినదాన్ని మీ అనుమతితో తరగతిలో చదివి వినిపిస్తాను. ఒక ప్రశ్న మిగిలిపోయింది. డ్రోన్ల గురించి అడిగే పిల్లలకు ఏమి చెప్పాలి? ఈ ఏడాది వచ్చిన పుస్తకం వచ్చే ఏడాదికి పాతబడిపోతుందేమోనన్న భయంతో ఏదీ కొనలేకపోతున్నాను.

సునాబేడ ఇంజినీరు:

పాతబడనిది ఒకటి ఉంది, అది డ్రోన్ల గురించి కాదు. స్టీఫెన్ బిడిల్ 2004లో రాసిన ‘మిలిటరీ పవర్’ కొనండి. మొదటి ప్రపంచ యుద్ధం నాటికే కాల్పుల జోరు ఎంత పెరిగిందంటే, బయట నిలబడ్డవాడు బతకడు. అప్పటి నుండి గెలిచినవాళ్లు నేలను అడ్డు పెట్టుకుని, చెదిరి, దాగి, ఫిరంగులనూ పదాతులనూ జతకలిపి, చిన్న చిన్న జట్లుగా కదలడం నేర్చినవాళ్లు. కొత్త ఆయుధం వచ్చిన ప్రతిసారీ ఈ విద్య రానివాడికే దెబ్బ ఎక్కువ తగులుతుంది. 1918 మార్చి నాటి జర్మన్ దాడి, 1944 జులైలో నార్మండీలో బ్రిటిష్ ట్యాంకులు గుంపుగా వెళ్లి వందల సంఖ్యలో దెబ్బతిన్న ‘గుడ్‌వుడ్’ దాడి, 1991 గల్ఫ్ యుద్ధం అన్న మూడింటినీ తీసుకుని ఆయన ఇది నిరూపించబోతాడు. లెక్కల అనుబంధాలు వదిలేసినా ఫరవాలేదు. 2020లో అజర్‌బైజాన్‌తో జరిగిన యుద్ధంలో అర్మేనియా వాహనాలు డ్రోన్లకు బలైన దృశ్యాలు చూసి ట్యాంకు పని అయిపోయిందన్నవాళ్లు, ఆ వాహనాల్లో ఎన్ని సరైన మరుగు లేకుండా ఉన్నాయో చూడలేదు. ఉక్రెయిన్ విషయంలోనూ 2023లో బిడిల్ ఇదే వాదించాడు. అయితే ఒక్క మాటలో నేను ఆయనతో ఏకీభవించను. తలమీద రోజంతా కెమెరా తిరుగుతున్నప్పుడు దాగడమన్నదే ఎంత వరకు సాధ్యమన్న ప్రశ్నను ఆయన తేలిగ్గా తీసుకున్నాడనిపిస్తుంది. మీ విద్యార్థులు ఇక్కడే ఆయన్ను నిలదీయవచ్చు.

బరంపురం విశ్రాంత సుబేదారు:

డ్రోన్ల సంగతిలో నా వృత్తికి సంబంధించిన ఒక్క విషయం చేరుస్తాను. వేల డాలర్లలో తయారయ్యే, ఇరాన్ రూపొందించిన షాహెద్ డ్రోనును లక్షల డాలర్ల క్షిపణితో కొడితే, కొట్టినవాడే ఖర్చులో ఓడిపోతాడు. అందుకే పాతవని పక్కన పెట్టబోయిన 40 మిల్లీమీటర్ల ఎల్-70 తుపాకులు, 23 మిల్లీమీటర్ల జంట తుపాకులు మళ్లీ పనికి వచ్చాయి. 2025 మే నెలలో మన సరిహద్దులో డ్రోన్లను కొట్టినవాటిలో అవీ ఉన్నాయి. ఆకాశం నుండి కొట్టి శత్రువు మనసు మార్చగలమా అన్న పెద్ద ప్రశ్నకు రాబర్ట్ పేప్ 1996లో రాసిన ‘బాంబింగ్ టు విన్’ చదవండి. ప్రజలను బాధపెట్టి ప్రభుత్వాన్ని లొంగదీయడం దాదాపు ఎక్కడా సాగలేదని, శత్రు సైన్యం తన పని చేసుకోలేకుండా చేసినప్పుడే ఫలితం వచ్చిందని ఆయన తేల్చాడు. విమానదళం వారు ఒప్పుకోరు, వారి పక్షం వినాలంటే రిటైర్డ్ ఎయిర్ వైస్ మార్షల్ అర్జున్ సుబ్రమణియం 2016లో రాసిన ‘ఇండియాస్ వార్స్’ ఉంది. మూడు దళాలనూ కలిపి 1947 నుండి 1971 వరకు చెప్పిన పుస్తకం కాబట్టి మీ కళాశాల గ్రంథాలయానికి ఒకటి కొనిపించండి.

నా మాటలను చదివి వినిపించడానికి అభ్యంతరం ఏమీ లేదు. వినిపించే ముందు బోర్డు మీద థగ్లా, నమ్కా చూ, ధోలా, తవాంగ్ గుర్తులతో పటం గీయండి. కొండల ఎత్తులు అడుగుల్లో రాయండి. పటం లేకుండా దాల్వి పుస్తకం చదివితే సగం పోతుంది. ముందు దాల్వి కొనండి, కౌల్ పుస్తకం కొత్తది దొరకడం కష్టం కనుక పాత పుస్తకాల వారి దగ్గర చెప్పి ఉంచండి, పాలిత్ తరువాత చూసుకోవచ్చు.

గుణుపురం ఉపన్యాసకుడు:

అలాగే చేస్తాను. ముందు దాల్వి, ఆ వెంటనే క్లాజ్‌విట్జ్‌లో అధ్యాపకురాలు చెప్పిన అధ్యాయాలు, తరువాత ‘సప్లయింగ్ వార్’, ఆపైన బిడిల్ అని రాసుకున్నాను. పర్లాకిమిడి వారు అనుమతిస్తే, అర్థశాస్త్రం తొమ్మిదవ అధికరణాన్ని తెలుగులో పిల్లలచేతనే చదివించి, క్షయవ్యయాల లెక్కను నమ్కా చూకు వాళ్లే వేసి చూపించాలని అడుగుతాను. కౌల్ పుస్తకం పాత ప్రతి ఎవరి దగ్గరైనా ఉంటే తెలియజేయగలరు, విశాఖ వెళ్లినప్పుడు వచ్చి తీసుకుంటాను.